టెక్ కాన్ఫరెన్స్‌లో వాలంటీర్‌గా చేరుతున్నారా? ఏ పని ఎవరికి నప్పుతుందో తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం ఒక పోలిక

వాలంటీర్ ఫారంలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: మీరు ఏ టీమ్‌లో పనిచేస్తారు? కింద ఏడెనిమిది పేర్లు ఉంటాయి. చాలామంది "ఏదైనా ఓకే" అని రాసి పంపేస్తారు. శ్రీవారి సేవకు వెళ్లొచ్చిన ఇళ్లు ఎక్కువున్న ఊరు మనది. 2000లో టీటీడీ మొదలుపెట్టిన ఆ సేవలో పద్ధతే అది. అన్నప్రసాదం దగ్గర వేస్తే అన్నప్రసాదం, క్యూలైన్ల దగ్గర వేస్తే క్యూలైన్లు. వేల మంది సేవకులు, ఏళ్లుగా కుదురుకున్న ఏర్పాటు ఉన్నాయి కాబట్టి అక్కడ అది నడుస్తుంది. పాతికమంది కలిసి రెండు రోజుల కాన్ఫరెన్స్ నడిపే చోట "ఏదైనా ఓకే" అన్నవాళ్లు ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి పరిగెడుతూనే ఉంటారు. సాయంత్రానికి కాళ్లు లాగుతాయి, ఒక్క ప్రసంగమూ విని ఉండరు, ఇంట్లో "ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

కమ్యూనిటీ కాన్ఫరెన్స్ అంటే ఏ కంపెనీదీ కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్లో, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లో, వికీపీడియా రాసేవాళ్లో తమలో తాము కలిసి పెట్టుకునే సభ. 2009లో బెంగళూరులో మొదలైన పైథాన్ వాళ్ల సభ పైకాన్ ఇండియా అలాంటిదే. 2023లో ఒక్క ఏడాదిలోనే హైదరాబాద్‌లో వికీకాన్ఫరెన్స్ ఇండియా, కొచ్చిలో డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్ల డెబ్‌కాన్ జరిగాయి. మన ఊరికీ ఇది కొత్త కాదు, తెలుగు వికీపీడియా పదకొండో వార్షికోత్సవం 2015లో తిరుపతిలోనే జరిగింది. వీటిలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ వాళ్లు చేసే పనిలో చాలా భాగం వాలంటీర్లే చేస్తారు. కాలేజీ టెక్‌ఫెస్ట్‌లో అయితే పైన ఒక ప్రొఫెసర్ ఉంటారు, ఆఫీసు ఉంటుంది, ఏం తేడా వచ్చినా "సార్‌ని అడుగు" అంటే సరిపోతుంది. ఇక్కడ ఆ సార్ మీరే అయ్యే అవకాశం ఎక్కువ.

ముందు చూసుకోవాల్సింది సమయం

టీమ్ పేరు చూసి ఎంచుకుంటే మోసపోతారు. ప్రసంగాలను ఎంచే ప్రోగ్రామ్ టీమ్ అంటే సభ రోజు స్టేజీ దగ్గర ఉండే పని అనిపిస్తుంది, కానీ వాళ్ల పనిలో ముప్పాతిక వంతు సభకు నెలల ముందే అయిపోతుంది. వీడియో టీమ్ అంటే ఆ రెండు రోజులే అనుకుంటాం, తీరా చూస్తే ఆ తర్వాత వారాల తరబడి ఎడిటింగ్ ఉంటుంది. స్పాన్సర్ల టీమ్‌కి సభకు మూడు నాలుగు నెలల ముందు నుంచే ఫోన్లు.

కాబట్టి మీకు నచ్చేదేంటి అనే ముందు మీకు తీరికుండేది ఎప్పుడో చూసుకోండి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఇంటికొచ్చేవాళ్లు రాత్రిపూట గంట కేటాయించి చేసే పనులు తీసుకోవచ్చు. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో చదువుతున్నవాళ్లకి పరీక్షలు లేని వారాంతం మొత్తం ఇవ్వడం తేలిక, కానీ మూడు నెలల పాటు ప్రతి బుధవారం రాత్రి మీటింగ్‌కి కూర్చోవడం కష్టం. ఈ లెక్క తేలితే సగం పేర్లు వాటంతటవే పోతాయి.

రిజిస్ట్రేషన్ డెస్క్

కొత్తవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. బయటి నుంచి చూస్తే సుఖంగా కనిపిస్తుంది: టేబుల్, కుర్చీ, ట్యాగులు, టీషర్టులు. నిజానికి ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ఊపిరి తీసుకోనివ్వదు, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకునే పని. మధ్యలో జరిగే మొదటి ప్రసంగం, అంటే చాలామంది దేనికోసమైతే వచ్చారో అదే, మీకు అందదు.

ఇంకో చిక్కు మన పేర్లతో వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల వరుసలో ఏ నుంచి ఎం వరకు ఒక లైను, ఎన్ నుంచి జడ్ వరకు ఇంకో లైను అని బోర్డు పెట్టి చూడండి. శ్రీనివాసులు, సాయి తేజ, సుప్రియ, సుబ్రహ్మణ్యం, వెంకటేష్, వెంకటరమణ అందరూ రెండో లైన్లోకే వస్తారు. అది గేటు దాకా పోతుంది, మొదటి లైను ఖాళీ. దానికి తోడు ఇంటి పేరు ముందు రాసినవాళ్లు కొందరు, ఇనిషియల్ మాత్రమే రాసినవాళ్లు కొందరు, ఆధార్‌లో ఒకలా, టికెట్‌లో ఒకలా. ఫోన్ నంబరు చివరి అంకెతో లైన్లు విడగొడితే ఈ బాధ చాలావరకు పోతుంది. 0 నుంచి 4 ఒక వైపు, 5 నుంచి 9 ఇంకో వైపు. క్యూఆర్ కోడ్ ఉన్నా ఈ ఏర్పాటు ఉండాల్సిందే, ఎందుకంటే ఆ కోడ్ వచ్చిన మెయిల్ సరిగ్గా గేటు దగ్గరే దొరకదు.

ఈ డెస్క్ ఎవరికి బాగుంటుంది? కొత్త మనిషితో మాట కలపడం ఇష్టమున్నవాళ్లకి. తమిళం వస్తే ఇంకా మంచిది, చెన్నై మూడు గంటల దూరమే కాబట్టి అటు నుంచి వచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు పిల్లలకి ఇది పుట్టుకతో వచ్చిన సౌకర్యం, వాడుకోండి. ఒక్క జాగ్రత్త: వచ్చినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితా మీ చేతిలో ఉంటుంది. దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అలవాటుగా జరిగిపోతుంటుంది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, ఆ జాబితాలో ఉన్న అమ్మాయికి మర్నాటి నుంచి తెలియని నంబర్ల నుంచి మెసేజీలు వస్తే దానికి జవాబుదారీ ఆ ఫొటో తీసినవాళ్లే.

హాల్ బాధ్యత: మొదటిసారి అయితే నా ఓటు దీనికే

ఒక హాలు, ఒక పూట, నాలుగో అయిదో ప్రసంగాలు. వక్తను పది నిమిషాల ముందే పట్టుకొచ్చి కూర్చోబెట్టడం, రెండు వాక్యాల్లో పరిచయం చేయడం, టైమ్ కార్డులు చూపించడం, ప్రశ్నల సమయంలో మైకు తిప్పడం. పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా ఉంటుంది, ప్రసంగాలు పూర్తిగా వింటారు, వక్తలతో పరిచయం అవుతుంది. ఇంకే టీమ్‌లోనూ ఈ మూడూ కలిసి దొరకవు.

కష్టమంతా మొహమాటంతోనే. ఎదురుగా ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న ప్రొఫెసర్ గారు. టైమ్ అయిపోయింది, ఆయన ఇంకా తొమ్మిదో స్లైడ్ మీదే ఉన్నారు. రెండో సంవత్సరం చదివే పిల్లాడు ఆయన్ని ఎలా ఆపుతాడు? ఆపాలంటే ముందే మాట్లాడుకోవాలి. "సార్, పది నిమిషాలుండగా పచ్చ కార్డు, అయిదుకి పసుపు, ఎర్ర కార్డు చూపించాక నేను స్టేజీ మీదికి వచ్చి నిలబడతాను" అని ప్రసంగానికి ముందే చెప్పేస్తే అది మీ దురుసుతనంగా కాకుండా సభ నియమంగా మారిపోతుంది. ఎర్ర కార్డు తర్వాత నిజంగా వెళ్లి నిలబడాలి. ఒక్కరికి పది నిమిషాలు వదిలేస్తే మధ్యాహ్నం భోజనం దాకా ఆ ఆలస్యం దొర్లుకుంటూ పోతుంది.

ప్రశ్నల సమయంలో ఇంకో రకం మనిషి లేస్తాడు. "ప్రశ్న కాదండీ, చిన్న అభిప్రాయం" అంటాడు. అతని చేతికి మైకు ఇచ్చారా, ఇక అంతే. మైకు మీ చేతిలోనే ఉంచుకుని అతని నోటి దగ్గర పట్టుకోవడం నేర్చుకోండి. అభిప్రాయం రెండో నిమిషంలోకి వెళ్లగానే మైకు మర్యాదగా వెనక్కి వచ్చేస్తుంది.

ఆడియో, వీడియో, నెట్‌వర్క్

నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నిద్ర పోగొట్టుకోవడానికి కూడా. డెబ్‌కాన్‌లో ఈ పని చేసే పద్ధతి చూడదగ్గది. ఒక్కో హాల్లో కెమెరాల దగ్గర ఒకరిద్దరు, సౌండ్ దగ్గర ఒకరు, ఏ దృశ్యం ఎప్పుడు తెర మీదికి వెళ్లాలో ఎంచే డైరెక్టర్ ఒకరు, అందరూ వాలంటీర్లే. కెమెరా ఎప్పుడూ పట్టుకోనివాళ్లకి అక్కడే శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. దృశ్యాలు కలిపే వాక్టోమిక్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. మన దగ్గర ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఒక ల్యాప్‌టాప్, ఒక హ్యాండీకామ్‌తో అయిపోతుంది. పరికరం చిన్నదైనా సూత్రం అదే.

చూసేవాళ్లు మసక బొమ్మను భరిస్తారు, గరగరలాడే మాటను భరించరు. అందుకే కెమెరా మైకు మీద ఆధారపడకుండా మైకుల శబ్దాలన్నీ కలిపే హాలు మిక్సర్ నుంచి నేరుగా శబ్దం తీసుకోవాలి. అలా తీసుకోవాలంటే ఆ ఆడిటోరియం సౌండ్ సిస్టమ్ చూసే అన్నతో ముందు రోజే స్నేహం చేసుకోవాలి. యూనివర్సిటీ హాలైనా కల్యాణ మండపమైనా ఆ అన్నకు తప్ప ఇంకెవరికీ ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలియదు. ఆయనకో టీ, ఒక వాలంటీర్ ట్యాగు ఇస్తే సగం సమస్యలు రానే రావు.

ఇక సంచిలో ఉండాల్సినవి. వక్తల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇప్పుడు యూఎస్‌బీ సీ పోర్టే, పాత హాళ్ల ప్రొజెక్టర్లకి పాతరకం వీజీఏ పోర్టు మాత్రమే. రెండిటికీ మధ్య పనికొచ్చే అడాప్టర్లు రెండేసి. కాలర్ మైకుకి కొత్త బ్యాటరీలు, ప్రతి పూటకీ మార్చాలి, "ఇంకా ఉందిలే" అనుకోకూడదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బతికే ఉంటుంది కానీ మిక్సర్, రికార్డర్ ఆగిపోతాయి, వాటికి చిన్న యూపీఎస్ కావాలి. సెకనుకి 8 మెగాబిట్ల వేగంతో రికార్డ్ చేస్తే గంటకి 3.6 జీబీ. రోజుకి ఆరు గంటలంటే ఒక్క హాలుకే దాదాపు 22 జీబీ, రాత్రికి రెండో కాపీ తీసేదాకా ఇంటికి వెళ్లకూడదు.

వైఫై ఈ టీమ్ మీదే పడుతుంది. ఇంట్లో వాడే రౌటర్‌ని తెచ్చి హాల్లో పెడితే ఎందుకు చతికిలబడుతుందో ఒక్క లెక్క చాలు: కలిసే ప్రతి పరికరానికీ రౌటర్ ఒక అడ్రస్ ఇవ్వాలి, మామూలు సెట్టింగ్‌లో అది ఇవ్వగలిగేవి 253 దాకా, 200 మంది ఫోను, ల్యాప్‌టాప్ రెండూ కలిపితే 400. అడ్రస్‌ల పరిధి పెంచడం, ఒక్కో అడ్రస్ ఉండే గడువు తగ్గించడం, హాలుకి రెండు మూడు యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) పెట్టి 5 గిగాహెర్ట్జ్ మీద నడపడం, ఇవి చేసి చూసిన విద్యార్థికి నెట్‌వర్కింగ్ పుస్తకంలో ఆ అధ్యాయం మళ్లీ చదవనక్కర్లేదు. సర్వర్లు, నెట్‌వర్క్‌లు చూసే సిస్టమ్స్ ఉద్యోగం వైపు వెళ్లాలనుకుంటే హాల్ డ్యూటీ వదిలేసి ఇదే పట్టండి.

వసతి, రవాణా: తిరుపతిలో మాత్రమే ఇలా ఉంటుంది

వేరే ఊళ్లో ఇది హోటల్ బుక్ చేసి, కారు పంపే పని. ఇక్కడ ముందు పంచాంగం చూడాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, వరసగా మూడు రోజులు సెలవులొచ్చిన వారాంతం, వీటిలో ఏది తగిలినా గదులు దొరకవు, దొరికినా రేటు చెప్పేటట్టు ఉండదు. నవంబరులో వానలు, 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో అందరికీ గుర్తుంది. నన్నడిగితే సంక్రాంతి దాటాక వచ్చే వారాంతాలే నయం.

ఏర్పేడు దగ్గర ఐఐటీలోనో ఐసర్‌లోనో సభ పెడితే హాళ్లు బాగుంటాయి, కానీ బస్టాండ్ దగ్గర దిగినవాళ్లని అక్కడికి చేర్చడమే పెద్ద పని, బస్సు మాట్లాడుకోవాల్సిందే. ఊళ్లో పెడితే నడిచో ఆటోలోనో వచ్చేస్తారు, పార్కింగ్‌తో తంటా. హైదరాబాద్ వక్త "వందే భారత్‌లో వస్తానండీ" అంటే అది మధ్యాహ్నం దాటాకే చేరుతుందని, ఉదయం ప్రసంగం అయితే ముందు రోజే రావాలని గుర్తుచేయాల్సింది ఈ టీమే.

ఇక అసలు సంగతి. వచ్చే వక్తల్లో ఎక్కువమంది ఫోన్ పెట్టేసే ముందు ఒకటి అడుగుతారు: "ఎలాగూ వస్తున్నాం కదా, దర్శనానికి ఏమైనా ఏర్పాటు..." తిరుపతిలో పుట్టినంత మాత్రాన మన దగ్గర టికెట్లు ఉండవని నమ్మించడం ప్రపంచంలో ఏ ఇతర కాన్ఫరెన్స్ వాలంటీరుకీ లేని బాధ్యత. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయని, వాటిని ఎవరికి వాళ్లే ముందుగా తీసుకోవాలని ఆహ్వాన మెయిల్‌లోనే ఒక పేరా రాసేస్తే ఫోన్లు తగ్గుతాయి. "మా మామయ్య ఉన్నాడు, చూద్దాం" అని ఒక్కరికి మాటిచ్చారంటే మిగతా పదిమందికీ తెలిసిపోతుంది.

ఊరు బాగా తెలిసి, బండి ఉండి, ఫోన్లో ఓపిగ్గా మాట్లాడగలిగితేనే ఇది తీసుకోండి. ప్రసంగాలు వినాలని ఆశ ఉంటే వద్దు.

భోజనాలు

ఎవరూ కోరుకోరు, ఇది తప్పితే సభే తప్పిందంటారు. వంటవాళ్లకి ముందు రోజు సాయంత్రానికి సంఖ్య చెప్పాలి. టికెట్ ఉచితమైతే పేరిచ్చినవాళ్లలో చాలామంది రారు, కొంత డబ్బు కట్టించుకుంటే వస్తారు. ఆ తేడా నిర్వాహకులకి ముందే చెప్పి టికెట్ ధర పెట్టించడం కూడా ఈ టీమ్ పనే. వడ్డించే బల్లకి రెండు వైపులా జనం నడిచేలా పెడితే లైను సగమవుతుంది. పెరుగన్నం చివర్లో అయిపోకుండా చూసుకుంటే ఎవరూ తిట్టరు. ఇంట్లో శుభకార్యాలు దగ్గరుండి చేయించిన అనుభవం ఉన్నవాళ్లు చేస్తే కంప్యూటర్ చదివినవాళ్లకంటే బాగా చేస్తారు. అలాంటి అక్కనో బాబాయినో టీమ్‌లోకి లాగండి, టెక్నాలజీ తెలియక్కర్లేదు.

రాకుండానే చేసే పనులు

ప్రసంగిస్తామంటూ వచ్చిన ప్రతిపాదనలు చదివి ఏ ప్రసంగాలు ఉండాలో తేల్చడం, వెబ్‌సైట్, పోస్టర్లు, స్పాన్సర్లతో ఉత్తరాలు. ఉద్యోగస్తులకి, చిన్నపిల్లలున్న తల్లులకి, ఊరు దాటి ఉన్నవాళ్లకి ఇవి చక్కగా కుదురుతాయి. వీటిలో ప్రతిపాదనల పరిశీలన నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది. ఇరవై ప్రతిపాదనలు శ్రద్ధగా చదివి, ఎందుకు బాగుందో ఎందుకు లేదో రెండు వాక్యాలు రాసినవాళ్లకి తమ సొంత ప్రసంగం ఎలా ప్రతిపాదించాలో అర్థమైపోతుంది. కానీ విషయం మీద కొంత పట్టు ఉండాలి, స్నేహితుడి ప్రతిపాదన వస్తే పక్కకి తప్పుకునే నిజాయితీ ఉండాలి.

పోస్టర్ల పని తీసుకునేవాళ్లకి ఒక స్థానిక హెచ్చరిక. మన దగ్గర ఫ్లెక్సీ కొట్టే షాపుల్లో యూనికోడ్ పద్ధతిలో లేని పాత అను ఫాంట్లు వాడేవి ఇంకా ఉన్నాయి. మీరు ఫోన్లో టైప్ చేసి పంపిన తెలుగు (అది యూనికోడ్) అక్కడ అతికిస్తే పిచ్చి గీతలవుతుంది, లేదా వాళ్లు మళ్లీ టైప్ చేసి ఒత్తులు మింగేస్తారు. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇచ్చి, "దీన్ని ముట్టుకోవద్దన్నా, ఇలాగే కొట్టు" అని చెప్పండి. గేటు మీద పది అడుగుల ఎత్తున "కాన్ఫరెన్స్" అనే మాటకి ఒత్తు ఊడిపోతే రెండు రోజులూ అందరూ దాని పక్కనే ఫొటోలు దిగుతారు.

ప్రవర్తన నియమావళి టీమ్ అని ఇంకొకటి ఉంటుంది, వేధింపుల ఫిర్యాదులు వినేది. మొదటిసారి వచ్చినవాళ్లు దీన్ని తీసుకోకూడదు. విన్నది బయటికి చెప్పని పెద్దరికం, అందులో కొంత శిక్షణ ఉన్నవాళ్లకే అది వదిలేయాలి. ఆ టీమ్‌లో ఆడవాళ్లు లేకపోతే మాత్రం నిర్వాహకులను అడగండి.

ఇక్కడా, బెంగళూరులోనా?

పెద్ద కాన్ఫరెన్స్‌లో వాలంటీర్‌గా దొరికితే పెద్దపెద్దవాళ్లని చూడొచ్చు, కానీ మీ వాటాకి వచ్చేది చిన్న ముక్క: రెండో అంతస్తు మెట్ల దగ్గర దారి చూపించడం లాంటిది. రాను పోను ఖర్చు, గది ఖర్చు సాధారణంగా మీదే. తిరుపతిలో వందమందితో జరిగే సభలో అదే మనిషికి ఒక హాలు మొత్తం అప్పగిస్తారు. మొదట ఇక్కడ ఒకటి చేసి, ఆ అనుభవం ఫారంలో రాసి బెంగళూరుకో హైదరాబాద్‌కో పంపితే అక్కడా మెట్ల దగ్గర కాకుండా హాల్లో వేసే అవకాశం పెరుగుతుంది. సర్టిఫికెట్ ఒక్కటే కావాలంటే కాలేజీ టెక్‌ఫెస్ట్ చాలు, తక్కువ శ్రమతో ముద్ర వేసిన కాగితం దొరుకుతుంది.

చిత్తూరు నుంచి వచ్చేవాళ్ల లెక్క కొంచెం వేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు వేరయ్యాయి కానీ బస్సుకి అది తెలియదు, డెబ్బై కిలోమీటర్లు డెబ్బై కిలోమీటర్లే. ఉదయం ఏడున్నరకి హాల్లో ఉండాల్సిన రిజిస్ట్రేషన్, సౌండ్ పనులకి ముందు రాత్రే వచ్చి ఉండాలి. మధ్యాహ్నం పూట హాల్ డ్యూటీ అడిగితే తెల్లవారి బస్సెక్కి రావచ్చు.

ఒప్పుకునే ముందు నిర్వాహకులను కొన్ని సూటిగా అడగండి, మొహమాటపడొద్దు. డ్యూటీ ఎన్ని గంటలు, మధ్యలో మార్చే మనిషి ఉన్నారా? నేను వినాలనుకున్న ఒక ప్రసంగానికి వదులుతారా? భోజనం, ప్రయాణ ఖర్చు ఎవరిది? సభ అయ్యాక సామాన్లు సర్దేసరికి రాత్రి పది అవుతుంది, హాస్టల్ అమ్మాయిలను ఎవరు దింపుతారు, వార్డెన్‌కి లెటర్ ఎవరిస్తారు? ఈ చివరి ప్రశ్నకి "చూద్దాంలే" అని జవాబు వస్తే, సాయంత్రం అయిదింటికి ముగిసే పని మాత్రమే చేస్తానని ఫారంలోనే రాయండి.